రెండు వందల ఒకటో యూనిట్

ఖమ్మం

చి.ల.సౌ. శిరీషకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ అమ్మ ఫోన్‌లో చెప్పిన మాట విన్నప్పటి నుంచి మీ పెదనాన్నకు అన్నం సయించడం లేదు. పోయిన నెల కరెంటు బిల్లు 1,270 రూపాయలు వచ్చిందని రాత్రిళ్లు ఏసీ కట్టేసి పడుకుంటున్నావట. ఆరో నెల కడుపుతో, నడి మే నెలలో, హైదరాబాద్‌లో పైకప్పు కిందే ఉన్న వాటాలో! ఫోన్ చేస్తే "అదేం లేదు పెదనాన్నా, మీ కాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?" అని మాట మార్చేస్తావు. కనుక ఇది ఉత్తరంలోనే తేలాలి.

అల్లుడు పంపిన బిల్లు ఫొటోను మీ పెదనాన్న పెద్దది చేసుకుని పై నుంచి కింది దాకా చదివాడు. నువ్వు చూసింది అడుగున ఉన్న మొత్తం ఒక్కటే. పైన రెండు రీడింగులున్నాయి, వాటి పక్కనే తేదీలున్నాయి. ఆ రీడింగుల తేడా 214 యూనిట్లు. కథంతా అక్కడే ఉంది.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వందకు యూనిట్‌కు 3.40, రెండో వందకు 4.80 చొప్పున. రెండు వందలకూ కలిపి 820 రూపాయలు. వంద లోపే వాడే ఇంటికి ఇంకా తక్కువ, దాన్ని వదిలేద్దాం. నెల వాడకం 201 అయిందంటే మాత్రం ఆ ఇల్లు గుంపు మారిపోతుంది. అప్పుడు మొదటి యూనిట్ నుంచీ 200 దాకా 5.10 చొప్పున, ఆ పైన 300 దాకా 7.70 చొప్పున వేస్తారు. అంటే ఒక్క యూనిట్ ఎక్కువైనందుకు 820 కాస్తా 1,027 రూపాయల 70 పైసలవుతుంది. కస్టమర్ చార్జీ కూడా 90 నుంచి 100కు ఎక్కుతుంది.

నీ బిల్లే తీసుకో. 200 దగ్గర ఆగి ఉంటే, కస్టమర్ చార్జీ 90, మూడు కిలోవాట్ల లోడుకు ఫిక్స్‌డ్ చార్జీ 30 రూపాయలు, యూనిట్‌కు 6 పైసల సుంకం కలుపుకుని 952 రూపాయలతో పోయేది. పైన 14 యూనిట్లు తిరిగాయి, 318 రూపాయలు పెరిగాయి. ఆ పద్నాలుగింటిలో ఒక్కోటి 22 రూపాయల పైచిలుకు పడింది! ఈ లెక్క చెప్పినప్పుడల్లా మీ పెద్దమ్మ నవ్వుతుంది. "పాలవాడికీ చెప్పారు, పూజారికీ చెప్పారు, ఇక మిగిలింది పిల్ల ఒక్కతే" అంటుంది. నవ్వనీ.

మీ కింది వాటా వాళ్లకు ఈ రెండు వందల గీత ఇంకా కఠినం. తెల్ల రేషన్ కార్డు ఉంది గనుక గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి వాళ్లకు 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. 201 అయిందా, మొత్తం బిల్లూ కట్టాల్సిందే. విజయవాడలో మీ బావకు ఈ బాధ లేదు. ఆంధ్రాలో 2022లో ఆ గుంపులు తీసేసి అందరికీ ఒకే మెట్ల వరస పెట్టారు. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లకు 1.90యే, పై మెట్టు రేటు పై యూనిట్లకే. అక్కడ 200 నుంచి 214కు పోతే ఎనర్జీ చార్జీ పెరిగేది 84 రూపాయలు. అయితే అతని బిల్లులో ట్రూఅప్ అనీ, ఇంధన సర్దుబాటు అనీ వేరే వరసలుంటాయి. వాటి గురించి అతను మొదలుపెడితే ఆపడం మీ అక్క వల్ల కూడా కాదు.

బిల్లంటే ఇంత పట్టింపు ఎందుకని నీకు అనిపించవచ్చు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల పెంపు మీద జరిగిన ఊరేగింపులో కాల్పులైనప్పుడు మీ నాన్న ఎక్కడున్నాడో నీకు తెలిసిందే. మళ్లీ చెప్పక్కర్లేదు.

అంతకు చాలా ముందు, మీ పెదనాన్న హనుమకొండలో చదువుకునే రోజుల్లో, ఇంటాయన రాత్రి పది కొట్టగానే మెయిన్ దగ్గరి ఫ్యూజు పీకి దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. గదిలో కుర్రాళ్లు బజారులో అలాంటిదే ఇంకొకటి కొన్నారు. ఆయన గురక మొదలవగానే పెట్టేవాళ్లు, తెల్లారకముందే తీసేవాళ్లు. అప్పటి మీటర్లలో అల్యూమినియం చక్రం తిరిగేది, అంచు మీద నల్ల మచ్చ ఉండేది. ఒక రాత్రి ఇంటాయన దాహానికి లేచి టార్చి వేస్తే ఆ మచ్చ తిరుగుతూ కనిపించింది. మర్నాటి నుంచి అద్దె మూడు రూపాయలు పెరిగింది. ఏది ఎంత తింటుందో మీటరే చెబుతుందని మీ పెదనాన్నకు నేర్పిన గురువు ఆ ఇంటాయనే.

ఇప్పుడు చక్రం లేదు, ఎర్ర లైటు మిణుకుతుంది. మీటరు మీద 3200 అని రాసి ఉంటే, అది 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేయడం. ఇంట్లో అన్నీ కట్టేసి, ఒక్క వస్తువు వేసి, నిమిషంలో ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టించు. పదహారు సార్లయితే ఆ వస్తువు 300 వాట్లు తీసుకుంటున్నట్టు. ఈ పని అల్లుడితో చేయించు. నువ్వు స్టూలు ఎక్కవద్దు. మరోసారి రాస్తున్నాడు మీ పెదనాన్న, నువ్వు స్టూలు ఎక్కవద్దు.

ఏసీ మీద అతికించిన స్టార్ గుర్తుల కాగితం చూడు. దాని మీద ఏడాదికి ఇన్ని యూనిట్లని ఉంటుంది. అది 1600 గంటలకు కట్టిన లెక్క. 750 అని ఉంటే గంటకు అర యూనిట్ లోపే. ఎండలు ముదిరితే ఇంకాస్త. రాత్రికి ఎనిమిది గంటలు వేస్తే నాలుగు యూనిట్లు, నెలకు 120. ఇంట్లో పెద్ద ఖర్చు అదేనన్న మాట నిజమే. 26 దగ్గర పెట్టుకుని ఫ్యాన్ సన్నగా తిప్పుకో. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థే చెబుతుంది. 2020 తర్వాత వచ్చిన ఏసీలు వేయగానే 24 చూపించేది కూడా కేంద్రం పెట్టిన నిబంధన వల్లే. అల్లుడు దాన్ని 18కి దించుతాడని మీ అమ్మ చెప్పింది. ఆ రిమోట్ నీ దగ్గర పెట్టుకో.

పొదుపు చేయాలంటే ఫ్యాన్ దగ్గర మొదలుపెట్టు. మీ హాల్లోది ఇంటివాళ్లు ఎప్పుడో బిగించిన పాత ఫ్యాను. అలాంటిది 75 వాట్లు తింటుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు, అంటే 11 యూనిట్ల లోపే. ఆ ఒక్క ఫ్యానుతో 16 యూనిట్లు మిగిలాయి, నిన్ను గీత దాటించిన 14 అందులోనే పోయాయి! సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో కట్టేసినా పది వాట్లు లాగుతూ ఉంటే నెలకు ఏడు యూనిట్లు. దాన్ని స్విచ్ దగ్గర ఆపండి. పదిహేను లీటర్ల గీజరు నీళ్లను ముప్ఫై డిగ్రీలు వేడెక్కించడానికి అర యూనిట్ పడుతుంది. మే నెలలో ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి గనుక అల్లుడికి గీజరు అక్కర్లేదు. నీకు ఒళ్లు నొప్పులుగా ఉండి వేణ్ణీళ్లు పోసుకోవాలనిపిస్తే పోసుకో, అర యూనిట్ కోసం ఆలోచించకు.

రెండు వందల దగ్గరికే మళ్లీ వస్తే, రోజుకు ఆరున్నర యూనిట్ల చొప్పున వాడితే ముప్ఫై రోజులూ గీత లోపలే ఉంటారు. రీడింగు తీసిన తేదీని క్యాలెండరు మీద గుర్తుపెట్టి, ఇరవయ్యో రోజున మీటరు చూడాలి. పాత రీడింగుతో తేడా 130 దగ్గరుంటే దారిలో ఉన్నట్టు. నీ పాత బిల్లులు కూడా పంపాడు అల్లుడు. దసరా నుంచి శివరాత్రి దాకా మీ ఇల్లు 150 దాటింది లేదు. కాబట్టి ఈ కాపలా ఫిబ్రవరి చివర, జూలైలో, ఆగస్టులో అవసరం. ఈ ఎండల్లో కాదు.

ఎందుకంటే దెబ్బంతా గీత దాటేటప్పుడే. దాటాక 300 దాకా ప్రతి యూనిట్‌కూ 7.70 మాత్రమే. ఈ ఎండల్లో ఏసీ వేసుకుంటే ఈ నెల ఎలాగూ దాటుతావు. ఆ పైన ఒక రాత్రి ఏసీకి అయ్యేది సుమారు 31 రూపాయలు. ఆ 31 రూపాయల కోసం ఇద్దరు ప్రాణులు చెమటలో దొర్లుతున్నారంటే మీ పెద్దమ్మ రేపే బస్సెక్కేలా ఉంది. ఎక్కితే సున్నుండల డబ్బా కూడా వస్తుంది, అది వేరే సంగతి.

మీటరు మీద అనుమానముంటే 1912కు ఫోన్ చేసి పరీక్షించమనండి. ఫిర్యాదుకు నంబరు ఇస్తారు, రాసిపెట్టుకో. ఫ్యానుకు డబ్బు అల్లుడి ఖాతాలో వేశాడు మీ పెదనాన్న. ఈ ఆదివారం బిగించి, మీటరు ఫొటో పంపండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న