టెక్సాస్ పత్తి చేలో నీరు, జనం: గెయిన్స్ కౌంటీ పరిచయం

(మా వాణిజ్య విలేఖరి)

టెక్సాస్‌లో వానలు లేవనీ, న్యూయార్కులో పత్తి వాయిదా ధర పెరిగిందనీ వార్తలు రావడం మన వర్తకులకు కొత్త కాదు. గుంటూరులోనైనా, ఆదిలాబాదులోనైనా పత్తి బేరగాళ్లు ఆ వార్త చెవిన పడగానే ఒక లెక్క వేసుకుంటారు. అయితే ఆ నేల ఎటువంటిది, అక్కడ ఎందరున్నారు, ఏ నీటితో పండిస్తున్నారు అన్నది తెలియకపోతే ఆ లెక్క తప్పే అవకాశం ఉంది. అందుకే ఈ వారం ఒక్క కౌంటీని తీసుకుని పరిశీలిద్దాం.

అమెరికాలో రాష్ట్రానికి దిగువన ఉండే పాలనా విభాగం కౌంటీ. టెక్సాస్ రాష్ట్రంలో ఇవి 254. వాటిలో గెయిన్స్ కౌంటీ రాష్ట్రపు పశ్చిమపు అంచున, న్యూ మెక్సికో సరిహద్దును ఆనుకుని ఉంది. 2025లో తట్టు వ్యాధి ప్రబలినప్పుడు ఈ పేరు ప్రపంచ పత్రికలన్నిటికీ ఎక్కింది. పత్తి, వేరుశనగ వ్యాపారులకు మాత్రం అంతకు చాలా ముందు నుంచే పరిచయమైన పేరు.

విస్తీర్ణం ఎక్కువ, వాన తక్కువ

కౌంటీ విస్తీర్ణం సుమారు 1,500 చదరపు మైళ్లు, అంటే తొమ్మిదిన్నర లక్షల ఎకరాలకు పైమాటే. సముద్ర మట్టానికి మూడు వేల అడుగులకు పైన ఉన్న చదునైన పీఠభూమి ఇది. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్రనేల. చెప్పుకోదగిన నది లేదు. ఏటా కురిసే వాన సగటున 16 నుంచి 18 అంగుళాలు. కరవు సీమగా పేరుపడిన మన అనంతపురానికే సగటున 22 అంగుళాలు కురుస్తుందని గుర్తు చేసుకుంటే, అక్కడి వాన ఎంత స్వల్పమో అర్థమవుతుంది.

ఇంత తక్కువ వానతోనే టెక్సాస్‌లో వేరుశనగ పండించే కౌంటీలలో గెయిన్స్ మొదటి వరుసలో నిలిచింది. పత్తిలోనూ ముందున్న కౌంటీలలో ఇదొకటి. అందుకు కారణం భూమి కింద ఉన్న ఒగల్లాలా జలనిధి. దక్షిణ డకోటా నుంచి టెక్సాస్ వరకు ఎనిమిది రాష్ట్రాల కింద పరుచుకున్న నీటి పొర ఇది. బోరు వేసి ఈ నీటిని పైకి తోడి, చక్రాల మీద తిరిగే పొడవాటి గొట్టాలతో చేనంతా చల్లుతారు. గొట్టం ఒక కొస చేను నడుమ నిలిచి ఉంటుంది, మిగతాది గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతుంది. 160 ఎకరాల చదరంలో సుమారు 125 ఎకరాలు ఈ వలయంలో తడుస్తాయి. మూలలు మెట్టగానే మిగిలిపోతాయి. బోరులో నీరు తగ్గినప్పుడు రైతు సగం వలయానికే నీరు పెట్టి తక్కిన సగాన్ని వానకు వదిలేస్తాడు.

జనాభా లెక్కలు చెప్పే కథ

కౌంటీ 1876లో కాగితం మీద ఏర్పడింది. పాలన మాత్రం 1905లో గానీ మొదలు కాలేదు. 1880 జనాభా లెక్కల్లో ఇక్కడ ఉన్నది ఎనిమిది మంది. 1900లోనూ 55 మందే. అంతా పశువుల మేత భూమి. 1930 నాటికి జనాభా 2,800 అయింది. చమురు బయటపడిన తరువాత 1940 నాటికి ఒక్కసారిగా 8,136కు పెరిగింది. 1970లో 11,593, 2000లో 14,467, 2010లో 17,526, 2020లో 21,598. చివరి పదేళ్ల పెరుగుదల 23 శాతం.

ఈ 23 శాతం తీసిపారేయదగిన అంకె కాదు. అదే పదేళ్లలో అమెరికా కౌంటీలలో సగానికి పైగా జనాభా తగ్గింది. అక్కడ పల్లెలు ఖాళీ అవుతుంటే ఈ పల్లె కౌంటీ నిండుతోంది. అయినా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు ఐదారుగురే. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి అనంతపురం జిల్లా సాంద్రత 213. గెయిన్స్‌లో తలకు 44 ఎకరాల నేల ఉందన్న మాట. ప్రధాన పట్టణం సెమినోల్‌లో దాదాపు ఏడు వేల మంది, సీగ్రేవ్స్‌లో రెండు వేల పైచిలుకు ఉన్నారు. మిగిలిన పన్నెండు వేల మంది ఊళ్ల వెలుపల, పొలాల మధ్యనే కాపురం ఉంటున్నారు. స్పానిష్ మూలాల వారు మూడింట ఒక వంతుకు పైగా ఉన్నారు. పిల్లల పాలు దేశ సగటు కంటే చాలా ఎక్కువ.

భూమి వచ్చింది, నీరు రాలేదు

పెరుగుదలకు ఒక ముఖ్య కారణం మెనొనైట్లు. వీరు జర్మన్ మాండలికం మాట్లాడే క్రైస్తవ రైతులు. మెక్సికోలోని చివావా రాష్ట్రంలో స్థిరపడిన వీరిలో కొన్ని వందల మంది 1977లో సెమినోల్ వద్ద కొన్ని వేల ఎకరాలు కొని తరలి వచ్చారు. భూమి కొంటే దేశంలో ఉండే హక్కు కూడా వస్తుందని నమ్మారు. ఆ హక్కు రాలేదు. సాగుకు కావలసిన నీటి హక్కు సైతం భూమితో పాటు తమకు దక్కలేదని తరువాత తెలిసింది. వాయిదాలు కట్టలేక ఆ భూమిని వదులుకోవలసి వచ్చింది. చివరకు 1980లో అమెరికా కాంగ్రెసు వారి కోసం ప్రత్యేక చట్టం చేసి ఉండనిచ్చింది. వారిలో పలువురు కూలికి వెళ్లి, వడ్రంగం, వెల్డింగు వంటి పనులు చేసి, కూడబెట్టి మళ్లీ భూములు కొన్నారు.

మనకు వింతగా తోచే సంగతి ఇక్కడే ఉంది. టెక్సాస్ చట్టం ప్రకారం భూమి కింది నీరు భూయజమాని సొత్తు. చమురు మాదిరిగానే దానిని నేల నుంచి విడదీసి అమ్ముకోవచ్చు. కనుక అక్కడ ఎకరం ధర అడిగేవాడు ముందుగా నీటి సంగతి అడగాలి.

తరుగుతున్న మూలధనం

ఒగల్లాలా దక్షిణ భాగంలో చాలాచోట్ల వాన వల్ల తిరిగి చేరే నీరు ఏడాదికి అంగుళం కంటే తక్కువ. తోడేది అంతకు ఎన్నో రెట్లు. వాణిజ్య భాషలో చెప్పాలంటే గెయిన్స్ రైతు వడ్డీ మీద కాదు, అసలు మీద బతుకుతున్నాడు. జనాభా పట్టికలో అంకె ఎక్కుతుంటే బావిలో నీటిమట్టం దిగుతోంది. ఈ రెండు గీతలు ఎంతకాలం చెరొక దారిన పోగలవన్నదే ఆ కౌంటీ ముందున్న అసలు ప్రశ్న. వేరుశనగకు అక్కడ బోరు నీరు తప్పనిసరి. పత్తిని మెట్టలో వేసి వాన కోసం చూడవచ్చు. కాబట్టి నీరు తగ్గే కొద్దీ వలయాలు కుదించుకుని మెట్ట పత్తి పెరుగుతుంది. దానితో పాటు దిగుబడిలో ఒడిదుడుకులూ పెరుగుతాయి.

మన వర్తకులకు పాఠం

2022 ఇందుకు ఉదాహరణ. ఆ ఏడాది అమెరికాలో విత్తిన పత్తిలో 40 శాతానికి పైగా కోతకు రాలేదు. నష్టంలో పెద్ద వాటా టెక్సాస్‌దే. ఆగస్టులో పంట అంచనా వెలువడగానే న్యూయార్కు డిసెంబరు వాయిదా పౌనుకు 110 సెంట్లు దాటింది. కానీ మిల్లుల గిరాకీ పడిపోవడంతో అక్టోబరు చివరికి 75 సెంట్ల దిగువకు జారింది. కరవు వార్త చూసి ఆగస్టులో కొని నిల్వ చేసినవారు చేతులు కాల్చుకున్నారు.

అందుచేత టెక్సాస్ వార్త విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఎండినది మెట్ట చేలా, బోరు కింది చేలా? విత్తిన ఎకరాలెన్ని, కోతకు వచ్చేవెన్ని? కొనే మిల్లు సిద్ధంగా ఉందా? మొదటి రెండిటికీ జవాబు గెయిన్స్ వంటి కౌంటీల నేలలో దొరుకుతుంది. మూడవదానికి దొరకదు. అది మిల్లుల కొనుగోళ్లలో వెతకాలి.

బోర్ల మీద వేరుశనగ వేసే అనంతపురం రైతుకు ఈ కౌంటీ కథ మరింత దగ్గరిది. అతనికి తలకు 44 ఎకరాలు లేవు. అసలు తరిగిపోయినప్పుడు మెట్టకు వదిలేయడానికి మిగులు నేలా లేదు.