ఆ ఊరివాళ్ళను అడిగారా?

రాజంపేట

చిరంజీవి వంశీకి,

మీ నాయన మోకాలి నొప్పి కాస్త తగ్గింది, దాని గురించి బెంగ పెట్టుకోవద్దు.

నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. అశోక్‌నగర్‌లో కోచింగ్ పుణ్యమా అని భాష బాగా కుదిరింది, నీ దస్తూరీ మాత్రం అలాగే ఉంది. ఇక విషయానికొస్తాను. బలమున్న దేశాలు హద్దులు పెంచుకోవడం చరిత్ర పొడుగునా జరిగింది కాబట్టి అది సమర్థనీయమేనని తేల్చేశావు. ఆ ‘కాబట్టి’ దగ్గరే నాకు పేచీ. వరకట్నం కూడా తరతరాలుగా ఉన్నదే. ఎప్పట్నుంచో ఉంది గనక న్యాయమే అంటే నువ్వే నా మీదికి లేస్తావు.

నువ్వు నాలుగు కారణాలు చూపావు. చరిత్ర ఇచ్చిన హక్కు, దేశ భద్రత, బతుకుదెరువుకు కావలసిన వనరులు, అక్కడి జనానికి మెరుగైన పాలన. ఈ నాలుగూ ఒకే దేశం ఒకే ఎండాకాలంలో చెప్పగా విన్నవాణ్ణి నేను. 1990 ఆగస్టులో కువైట్‌లోని సాల్మియాలో ఒక దుకాణంలో లెక్కలు రాస్తూ ఉన్నాను. మన కడప జిల్లా వాళ్ళు అప్పటికే అక్కడ చాలామంది ఉండేవాళ్ళు.

రెండో తారీకు తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు ఊళ్ళోకొచ్చేశాయి. అప్పుడు సద్దాం హుస్సేన్ రేడియో చెప్పిన వాదన నీ వ్యాసం కన్నా గట్టిది, ఆ మాట ఒప్పుకోవాలి. కువైట్ ఒకప్పుడు ఆటోమన్ల రాష్ట్రమైన బస్రా విలాయత్‌లోదేననీ, 1899లో షేక్ ముబారక్ బ్రిటిషువాళ్ళతో గుట్టుగా ఒప్పందం చేసుకోబట్టే విడిపోయిందనీ అన్నారు. ఇరాక్‌కు ఉన్న సముద్రతీరం జానెడు, ఓడలు రావాలంటే వార్బా, బూబియాన్ దీవుల పక్కనుంచి రావాలి, అవి కువైట్‌వి. ఇరాన్‌తో ఎనిమిదేళ్ళు అరబ్బులందరి తరఫున పోరాడింది మేము, ఆ యుద్ధంలో ఇచ్చిన అప్పు సుమారు 1,400 కోట్ల డాలర్లు కువైట్ ఇప్పుడు అడుగుతోంది, పైగా రుమైలా నూనె క్షేత్రం దగ్గర మా నూనె తోడేస్తోంది అన్నారు. కువైట్ పాలకుడు అమీర్ పార్లమెంటును 1986లో రద్దు చేశాడు, ఆ జనాన్ని విడిపించడానికే వచ్చామన్నారు. ఇందులో కొన్ని ఫిర్యాదులు నిజమైనవే. అప్పు నిజం, తీరం ఇరుకైన మాట నిజం, పార్లమెంటు లేని మాటా నిజం.

చరిత్ర సంగతి చూడు. ఇరాక్ అనే రాజ్యం ఏర్పడిందే 1921లో. తాను పుట్టకముందు ఆటోమన్ల కింద ఉన్న ఆస్తికి వారసత్వం అడుగుతోంది. సరే, అదీ ఒప్పుకుందాం. కానీ 1963లో కువైట్ వేరే దేశమని సంతకం పెట్టింది కూడా ఇరాకే. చరిత్రను ఏ సంవత్సరం దగ్గర ఆపి చూపాలో ఎప్పుడూ సైన్యం ఉన్నవాడే నిర్ణయిస్తాడు. ఇంకో యాభై ఏళ్ళు వెనక్కి పోతే ఆ హక్కు ఇంకెవరికో పోతుంది.

నన్ను అప్పటికీ ఇప్పటికీ ఆలోచనలో పడేసింది నాలుగో కారణం. అమీర్‌తో పడని కువైటీలు చాలామందే ఉన్నారు. ఆ ఏడాది మొదట్లోనే పార్లమెంటు కావాలని దివానియాల్లో, అంటే ఇళ్ళ చావిళ్ళలో, సభలు పెట్టి పోలీసుల చేత దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. సద్దాం వాళ్ళ మీదే ఆశ పెట్టుకున్నాడు. వాళ్ళలో ఒక్క పేరున్న మనిషీ ముందుకు రాలేదు. నాలుగో తారీకున ఎవరికీ తెలియని మిలిటరీ అధికారులతో ఒక ‘స్వేచ్ఛా ప్రభుత్వం’ ప్రకటించారు. ఎనిమిదో తారీకుకల్లా దాన్నీ పక్కన పడేసి విలీనం అనేశారు, నెలాఖరుకు కువైట్ ఇరాక్‌లో పంతొమ్మిదో రాష్ట్రం. అక్టోబర్‌లో జెడ్డాలో ఆ ప్రతిపక్షం వాళ్ళే పారిపోయిన అమీర్ పక్కన కూర్చుని, ముందు మా దేశం మాకు రానీ, తర్వాత మా రాజ్యాంగం సంగతి నీతో తేల్చుకుంటామన్నారు. ఇంటి పెద్దతో ఎంత గొడవున్నా పొరుగువాడొచ్చి తాళం వేసుకుంటే ఒప్పుకోలేదు, అంతే.

ఊళ్ళో చూసిన సంగతి ఒకటి చెప్తాను. కువైటీలు రాత్రికి రాత్రి వీధుల బోర్డులు, ఇళ్ళ నంబర్లు పీకేశారు. సైనికులు జాబితా పట్టుకుని ఎవరికోసమైనా వస్తే ఏ వీధి ఏదో తెలియకూడదని. తర్వాత బండ్లకు ఇరాక్ నంబర్ ప్లేట్లు బిగించుకోవాలని హుకుం వచ్చింది. మా కఫీల్, అంటే మా యజమాని, బండి బయటకు తీయడమే మానేశాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ ఎండలో జమియా అనే సహకార దుకాణానికి నడిచిపోయి కుబ్బూస్ రొట్టెల కోసం వరుసలో నిలబడేవాడు. ఆయనకు అమీర్ మీద ఏమంత ప్రేమ లేదు. ఆ రేకు మాత్రం తన బండికి తగలనివ్వలేదు. ఆ జనానికి ఏం కావాలో తెలుసుకోవడానికి నాకు వేరే సర్వే అక్కర్లేకపోయింది.

మా సంగతి నీకు తెలిసిందే. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు, అక్కడ ఎడారిలో గుడారాలు, చివరికి అమ్మాన్. అక్కణ్ణుంచి ఎయిరిండియా లక్షా పది వేల మందికి పైగా జనాన్ని బొంబాయి చేర్చింది. దాచుకున్న దినార్లు అమ్మాన్‌లో అడ్డికి పావుశేరు లెక్కన అడిగారు. ఆ యుద్ధం మాది కాదు, ఆ హద్దూ మాది కాదు. అయినా కూతురి పెళ్ళికని, ఇంటికని కూడబెట్టింది పోగొట్టుకున్నవాళ్ళు మన మండలంలోనే ఎంతమందో. నీ వ్యాసంలో దేశాలున్నాయి, రాజులున్నారు. ఇలాంటివాళ్ళు ఒక్కరూ లేరు. అక్కడ నాలుగు లక్షల దాకా పాలస్తీనా వాళ్ళుండేవాళ్ళు. యుద్ధం తర్వాత, వాళ్ళ నాయకులు సద్దాం పక్షం మాట్లాడారన్న కోపంతో, చాలామందిని ఉండనివ్వలేదు. ఆ అన్యాయం తిరిగొచ్చిన కువైట్‌ది.

లాభనష్టాల లెక్క అడుగుతావు కదా, అదీ చూడు. కువైట్ ఇరాక్ చేతిలో ఉన్నది ఏడు నెలలు. ఓడి వెళ్తూ వెళ్తూ ఇరాక్ సైనికులు ఆరు వందలకు పైగా నూనె బావులు అంటించారు, ఆఖరిది ఆర్పేసరికి నవంబర్ వచ్చింది. ఐక్యరాజ్యసమితి వేసిన నష్టపరిహారం 5,240 కోట్ల డాలర్లు ఇరాక్ తన నూనె అమ్మి కట్టింది, చివరి కంతు 2022లో. అప్పటికి సద్దాం పోయి పదిహేనేళ్ళు దాటింది. కట్టింది ఆ యుద్ధానికి పుట్టని పిల్లలు.

ఇంకోటి. ఇరాక్ చేతిలోంచి కువైట్ను విడిపించడానికి వచ్చిన అమెరికా పక్షంవాళ్ళూ సత్యహరిశ్చంద్రులేం కాదు. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో పసిపిల్లలను ఇంక్యుబేటర్లలోంచి తీసి నేల మీద పడేశారని ఒక అమ్మాయి అమెరికాలో కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పింది. ఆ పిల్ల కువైట్ రాయబారి కూతురని, ఆ కథ నిలబడదని యుద్ధం ముగిశాక బయటపడింది. ఆక్రమణ తప్పు అని చెప్పడానికి ఆ అబద్ధంతో పనే లేదు.

ఇక ఇంటర్వ్యూ బోర్డు నిన్ను తప్పకుండా అడిగే ప్రశ్న: మరి గోవా? హైదరాబాద్? సిక్కిం? మనది కాబట్టి మంచిది అని తప్పించుకోకు. గోవాలో 1961లో మన సైన్యం దించేసింది సముద్రాలవతలి దేశపు 450 ఏళ్ళ పాలనను. ఆ సైనిక చర్యను నేను సమర్థిస్తాను. భారత్‌లో చేరడం మీద మాత్రం ఓటు పెట్టలేదు. మహారాష్ట్రలో కలుస్తారా అని 1967లో అడిగారు, గోవావాళ్ళు వద్దన్నారు, అది చెల్లింది. హైదరాబాద్ నిజాం రాజ్యంలో జనం మన సైన్యం రాకముందే ఏళ్ళ తరబడి పోరాడుతున్నారు, అందుకే ఆ విలీనమూ న్యాయమే అంటాను. కానీ 1948 సెప్టెంబర్లో సైన్యం వచ్చాక జరిగిన హత్యల్లో 27 వేల నుంచి 40 వేల మంది పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేస్తే ఆ నివేదికను దశాబ్దాలు మూసిపెట్టారు. న్యాయమైన పనిలో జరిగిన అన్యాయాన్ని దాచడం దేశభక్తి కాదు. సిక్కింలో 1975 ఏప్రిల్‌లో జనం పెద్ద సంఖ్యలో అవునన్నారు గానీ, ఆ ఓటుకు కొద్దిరోజుల ముందే మన సైన్యం రాజుగారి కాపలావాళ్ళ ఆయుధాలు లాక్కుంది. అడిగారా అన్నదే కాదు, ఎవరి తుపాకీ పక్కన పెట్టుకుని అడిగారన్నదీ చూడాలి. ఈ ఒక్క చోట నాకు పూర్తిగా నిశ్చింత లేదు.

మన సీమ సంగతి నీకు గుర్తు చేయాలా? సైన్యం ఖర్చు కింద 1800లో నిజాం మన జిల్లాలను బ్రిటిషువాళ్ళ ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ కడప రైతును ఒక మాట అడగలేదు.

అందుకని నా సలహా ఇది. చరిత్ర హక్కు, వనరులు అంటూ రాసిన ఆ మధ్య పేజీలు కొట్టేయ్. భద్రత గురించి రాసింది ఉంచు, కానీ భయముంటే సరిహద్దు కాచుకోవాలి, పక్కవాడి ఇల్లు తీసుకోవడం దానికి మందు కాదని చేర్చు. తర్వాత ప్రతి ఉదాహరణ పక్కనా రెండు విషయాలు రాయి: ఆ నేల మీద ఉన్నవాళ్ళను స్వేచ్ఛగా అడిగారా, బిల్లు ఎవరు కట్టారు. ఇవి రాశాక కూడా విస్తరణ సమర్థనీయమే అనిపిస్తే అలాగే పంపు, చదువుతాను. దసరా లోపల పంపితే నయం. పండగకు వచ్చినప్పుడు కూర్చుని వాదించుకోవచ్చు.

ఇట్లు,
మీ పెదనాయన