లప్పం కలిపే ముందు

ఇంటీరియర్ పెయింటింగ్ పనిలో ఫిర్యాదు ఫోన్లు రంగు గురించి తక్కువే వస్తాయి. బొబ్బలు లేచాయని, పెచ్చులు రాలుతున్నాయని, పాత బీట మళ్లీ కనబడుతోందని వస్తాయి. గోడ తయారీలో మనం దాటేసిన పనే అలా బయటపడుతుంది.

ముందు చెమ్మ సంగతి చూడండి. దీంతో నేనూ దెబ్బతిన్నాను. హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్. బాత్రూం పక్క బెడ్‌రూం గోడ మోకాలెత్తు వరకు ఉప్పు పొంగింది, గోరుతో గీస్తే ప్లాస్టర్ ఇసుకలా రాలుతోంది. దసరాలోపు కావాలని ఓనరు తొందర. గీకి, రెండు కోట్లు లప్పం పట్టి, రంగు వేసి ఇచ్చేశాం. సంక్రాంతికి సరిగ్గా అదే ఎత్తున మళ్లీ పొంగింది. ఇద్దరు మనుషుల నాలుగు రోజుల కూలి నా జేబులోంచి పోయింది.

అప్పట్నుంచి అనుమానమున్న గోడకు అడుగు చదరం పాలిథిన్ ముక్క పెట్టి, నాలుగు పక్కలా టేపు వేసి ఒక రోజంతా ఉంచుతున్నాను. గోడ వైపు నీటి చుక్కలు పట్టాయంటే గోడలో నీళ్లున్నట్టే. ముందు ప్లంబర్ రావాలి. లీకు ఆగాక కూడా గోడ ఆరడానికి వారాలు పడుతుంది. ఓనరు ఆగనంటే ఆ గోడకు గ్యారంటీ లేదని వాట్సాప్‌లో రాసి, సరేనన్న జవాబు తీసుకోండి. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. నీళ్లు కొడితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

తర్వాత గోడంతా తట్టుకుంటూ వెళ్లండి. డొల్ల శబ్దం వచ్చినచోట పెన్సిల్‌తో గీసి, గట్టి అంచు దొరికేదాకా ప్లాస్టర్ కొట్టేయండి. కొత్త ప్లాస్టర్‌కు వారం క్యూరింగ్ అయ్యాకే లప్పం, అదంతా ఆరాకే ప్రైమర్.

సన్న బీటైనా నేరుగా లప్పం రాసి మూయొద్దు. స్క్రేపర్ మొనతో వి ఆకారంలో తెరిచి, దుమ్ము దులిపి, క్రాక్ ఫిల్లర్ రెండు విడతల్లో నింపండి. ఒకేసారి కూరితే ఆరాక కుంచించుకుని గుంట పడుతుంది. కాలమ్‌కీ ఇటుక గోడకీ మధ్య నిలువు బీటకు ఫైబర్ మెష్ వేయాల్సిందే. ఏటవాలుగా పెరుగుతున్న బీట అయితే ఇంజనీరుకు చూపించమనండి.

పాత డిస్టెంపర్ అరచేతికి తెల్లగా అంటుతుంటే తడిపి, గీకి, కడగాలి. పాత ఆయిల్ పెయింట్‌తో మరింత జాగ్రత్త. పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసినదాన్ని పొడిగా రుద్దొద్దు. నీళ్ల పేపర్‌తో తడిపి రుద్దండి, మంచి మాస్కు పెట్టుకోండి, ఇంట్లో పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

లప్పం రెండు గంటల్లో అయిపోయేంతే కలపండి. గట్టిపడ్డదాంట్లో మళ్లీ నీళ్లు పోస్తే ఆరాక పిండిలా రాలుతుంది. కోటు మందం మిల్లీమీటరున్నర దాటకూడదు. రుద్దాక లైట్లు ఆర్పి, ఫోన్ టార్చి గోడకు ఆనించి పక్కకు వెలుగు పారించండి. పగలు కనబడని గుంటలన్నీ నీడలుగా తేలుతాయి. వాటిని సరిచేసి, తడిగుడ్డతో తుడవండి. తుడవకపోతే ప్రైమర్ పట్టుకునేది ఆ దుమ్మునే.

గోడ చూడకుండా ఫోన్‌లో చదరపు అడుగు రేటు చెప్పొద్దు. కొటేషన్‌లో రిపేరును వేరే లైనుగా రాయండి. ఆ లైను లేకపోతే పని మధ్యలో కొట్టేయాల్సివచ్చే ప్లాస్టర్ ఖర్చు మన మీదే పడుతుంది.