రాజీకి కూర్చునే ముందు

తాపీ పని మానేసి చాలా కాలమైంది. మోకాళ్లు పరంజా ఎక్కనివ్వవు. అయినా రాజోలు, కొత్తపేట, అమలాపురం చుట్టుపక్కల ఏ శ్లాబు మీంచి మనిషి పడ్డా, ఆ ఇంటివాళ్లు మా అరుగు మీదికొస్తారు. యూనియన్‌లో తిరిగిన రోజుల్లో లేబర్ ఆఫీసు మెట్లు బాగా అలవాటయ్యాయి మరి.

2014 జూన్ 27 తెల్లవారుజామున మా కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలితే, చనిపోయినవాళ్ల కుటుంబాలకు గెయిల్ 20 లక్షల చొప్పున ప్రకటించింది. మంత్రులొచ్చారు, టీవీలవాళ్లొచ్చారు. రెండో అంతస్తు మీంచి పడ్డ తాపీవాడి ఇంటికి ఎవరూ రారు. అతనికి రావాల్సిందీ లక్షల్లోనే ఉంటుంది. కాకపోతే దాన్ని ఎవరూ మైకులో ప్రకటించరు, మనమే లెక్కగట్టి అడగాలి.

1. ఆసుపత్రి చీటీలో ఏం రాశారో చదివించుకోండి.

మనిషి పడగానే మేస్త్రో, ఇంటాయన తాలూకు మనిషో ఆటోలో వేసుకుని తీసుకెళ్తారు. అంతవరకూ మంచిదే. డాక్టరు గారు "ఎలా తగిలిందయ్యా" అంటే, పక్కనున్నవాడు "ఇంట్లో మెట్ల మీంచి జారాడండి" అనేస్తాడు, పోలీసు గొడవెందుకని. ఆ ముక్క చీటీకెక్కిందంటే ఆరు నెలల తర్వాత అవతలి వకీలు దాన్నే పట్టుకుని ఊపుతాడు. పని జరుగుతున్న చోటు, తారీఖు, ఎంత ఎత్తు మీంచి పడ్డాడు అన్నవి మొదటి చీటీలోనే రాయించండి. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) కట్టమని అడగండి. అమలాపురంలో చూపించి కాకినాడ పెద్దాసుపత్రికి పంపేస్తే, రెండు చోట్లా ఒకటే రాసి ఉందో లేదో చూసుకోండి.

2. బట్వాడా పుస్తకం ఫొటో తీసి పెట్టుకోండి.

మన పనుల్లో అపాయింట్‌మెంట్ ఆర్డర్లుండవు. శనివారం సాయంత్రం మేస్త్రి జేబులోంచి చిన్న పుస్తకం తీస్తాడు. పేరు, పేరుకెదురుగా పూర్తిరోజుకో గీత, సగంరోజుకి సగం గీత, చివర అడ్వాన్సు కోత. సిమెంటు చేతులతో తిప్పి తిప్పి అంచులు నలిగిపోయిన ఆ పుస్తకమే మీ ఉద్యోగానికి సాక్ష్యం. ప్రమాదం జరిగిన మర్నాటికి అది కనపడదు. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోనుంది కదా, వారానికోసారి ఫొటో తీయండి. కూలి ఫోన్‌పేలో వేస్తే ఇంకా మేలు. కూలి ఎంతో రుజువు కాకపోతే కనీస వేతనాల జీవో చూసి లెక్క కడతారు. మీరు తెచ్చుకునే కూలి కంటే అది తక్కువే ఉంటుంది.

3. లెక్క మీరే వేసుకోండి, కష్టమేం కాదు.

1923 నాటి కార్మిక పరిహార చట్టంలో సూత్రం ఉంది. చనిపోతే నెల జీతంలో సగం, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి వస్తే నెల జీతంలో 60 శాతం. దాన్ని వయసును బట్టి పట్టికలో ఇచ్చిన అంకెతో గుణించాలి. ఆ అంకె 30 ఏళ్లకు 207.98, 35కి 197.06, 40కి 184.17, 50కి 153.09. జీతం ఎంతున్నా 15 వేల వరకే లెక్కలోకి తీసుకుంటారు. 2020 జనవరి 3కి ముందు ఆ పరిమితి 8 వేలే.

రోజుకు 900 తెచ్చుకునే తాపీమేస్త్రి, 35 ఏళ్లవాడు పోయాడనుకోండి. నెలకు 23 వేలు దాటినా 15 వేలే పడతారు. సగం 7,500. దాన్ని 197.06తో గుణిస్తే 14,77,950 రూపాయలు. అదే నడుం విరిగి మంచానపడితే 9,000ను గుణించాలి, 17,73,540 అవుతుంది. బతికినవాడికి ఎక్కువేంటని కొందరు ముక్కున వేలేసుకుంటారు. మంచంలో ఉన్నవాడికీ తిండి పెట్టాలి, మందులు కొనాలి, పక్కన ఒక మనిషి ఉండాలి.

కొన్నాళ్లకు తగ్గిపోయే దెబ్బయితే, పనిలోకి వెళ్లలేనన్నాళ్లూ పదిహేను రోజులకోసారి నెల జీతంలో పావు వంతు ఇవ్వాలి, అయిదేళ్లకు మించకుండా. ఆసుపత్రి ఖర్చు వేరే. బిల్లులు పారేయకండి.

2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. లెక్క కట్టే పద్ధతి మాత్రం అందులోనూ ఇదే. ఇంటి నుంచి పనికొచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా, పనితో సంబంధం చూపిస్తే, ఇప్పుడు లెక్కలోకొస్తుంది. సఖినేటిపల్లి రేవులో పంటు దిగి బండి మీద పనికి పోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాట.

4. రాజీ సంతకం తొందరపడి పెట్టకండి.

పదకొండో రోజు అవకముందే పెద్దలు కూర్చుంటారు. "ఏదో జరిగిపోయింది, లక్ష ఇప్పిస్తాం, పిల్లల పేర వేసుకోమ్మా" అంటారు. స్టాంపు పేపరు అప్పటికే రాసుంటుంది. ఆ ఇల్లాలు కళ్లు తుడుచుకుంటూ వేలిముద్ర వేస్తుంది. పధ్నాలుగు లక్షల చోట లక్ష! పెద్దమనుషుల మీద నాకు గౌరవం ఉంది గానీ, ఈ విషయంలో మాత్రం వాళ్లకు లెక్క తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు.

చట్టం దీన్ని ముందే ఊహించింది. మరణ పరిహారం యజమాని తిన్నగా చేతికిస్తే ఇచ్చినట్టు కాదు, లేబర్ ఆఫీసులో పరిహారం కేసులు చూసే అధికారి దగ్గర డిపాజిట్ చేయాల్సిందే. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితమూ చెల్లదు. చేతికందిన డబ్బు అడ్వాన్సు కింద తీసుకోవచ్చు, మూడు నెలల జీతం వరకూ తర్వాత మినహాయిస్తారు. అంచేత సంతకం పెట్టేసినవాళ్లు కూడా ఇక అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చోకండి.

5. ఎవరిని అడగాలి?

అన్నిటికంటే చిక్కు ఇక్కడే. కోనసీమలో సగం మేడలు గల్ఫ్ డబ్బుతో లేచినవి. ఇంటాయన కువైట్‌లో ఉంటాడు, బావమరిది పని చూస్తాడు, మేస్త్రి మన వీధివాడే, వరసకు అన్నయ్యో మావయ్యో. కేసు పెడితే పడేది మేస్త్రి మీద. అతని దగ్గర రెండు తాపీలు, నాలుగు సెంట్రింగు రేకులు తప్ప ఏమున్నాయి! "బాబాయ్, మా ఆయనకి పని నేర్పిందే ఆయన, ఆయన మీద కేసెలా పెట్టను" అని ఒక కోడలుపిల్ల నన్ను నిలదీసింది. జవాబు చెప్పడం కష్టమే అయ్యింది.

బిల్డరో కంపెనీయో తన వ్యాపారంలో భాగమైన పనిని మేస్త్రికి అప్పగిస్తే, ఆ బిల్డరే బాధ్యుడు, మేస్త్రి దగ్గర తర్వాత రాబట్టుకుంటాడో లేదో అతని ఇష్టం. సొంతిల్లు కట్టుకునేవాడు పనంతా కాంట్రాక్టుకిచ్చేస్తే కాంట్రాక్టరే జవాబుదారీ. ఇంటాయనే మనుషుల్ని పెట్టుకుని కూలి తన చేత్తో ఇస్తుంటే, యజమాని తనే అవుతాడు.

అందుకే మేస్త్రులకు నేను చెప్పేదొకటే. కార్మిక పరిహార బీమా పాలసీ తీసుకోండి. పని ఒప్పుకునేటప్పుడే ఆ ప్రీమియం రేటులో కలిపేయండి. గృహప్రవేశం భోజనాలకు లెక్కచూడని ఇంటాయన దీనికి బేరమాడితే, ఆ పని ఒప్పుకోకండి. పాలసీ ఉంటే ఆ కోడలుపిల్ల మేస్త్రితో మాట పోగొట్టుకోనక్కర్లేదు, కట్టేది కంపెనీ.

6. "తాగి ఉన్నాడు."

ఈ మాట ప్రతి కేసులోనూ వస్తుంది. మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ ఈ వాదన పనికిరాదు. మిగతా దెబ్బలకే పనికొస్తుంది, అదీ రుజువు చేస్తే.

7. చెయ్యి పోయినవాడికి పోయింది చెయ్యి ఒక్కటేనా?

చట్టంలో అవయవాలకు శాతాల పట్టిక ఉంది. బొటనవేలికి 30, ఒక చేతి నాలుగు వేళ్లకూ కలిపి 50. కానీ ఒడిశాలో ఓ వడ్రంగి కథ వినండి. 1968 జూలై 6న సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ పడిపోయాడు. ఎడమచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒంటిచేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతనిది పూర్తి వైకల్యమేనని కోర్టు తేల్చింది. పరిహారం ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని కూడా చెప్పింది.

పింఛనుకు ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో శాతం వేరు, సంపాదన ఎంత తగ్గింది అనే శాతం వేరు. రెండోది డాక్టరు చేత విడిగా రాయించుకోండి. పాదం వంకరపోయిన ఆఫీసు గుమాస్తా పని చేసుకోగలడు, పరంజా ఎక్కేవాడు ఎక్కలేడు.

8. ఈ పరిహారంతో పాటు వచ్చేవి.

ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్లవాళ్లు సంక్షేమ బోర్డు కార్డు తీసుకోవచ్చు. బ్యాంకులో 20 రూపాయల సురక్షా బీమాకు ప్రమాద మరణమైతే 2 లక్షలు. గల్ఫ్ వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షలు, ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375. ఏజెంటు ఆ పాలసీ కాగితం తన దగ్గరే ఉంచుకుంటాడు, విమానం ఎక్కేముందే నకలు ఇంట్లో పెట్టించండి. వీటివల్ల యజమాని ఇవ్వాల్సింది పైసా తగ్గదు.

9. రెండేళ్లలోపు అర్జీ పెట్టాలి.

"ఇస్తామన్నారు కదా, చూద్దాం" అని సంక్రాంతి మీద సంక్రాంతి గడిపేవాళ్లే ఎక్కువ. యజమాని నెలలోపు చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే పైన సగం వరకు జరిమానా కూడా వేయొచ్చు. అంచేత మీరు గడువులోపు అర్జీ పెడితే, చెల్లింపు ఆలస్యం చేసేవాడికే నష్టం. వకీలుకు డబ్బులెలా అని వెనకాడొద్దు. ఆడవాళ్లకూ, ఎస్సీ ఎస్టీలకూ, వికలాంగులకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట కోర్టుల్లో ఎక్కడ అడిగినా చెప్తారు. వెళ్లేటప్పుడు ఆసుపత్రి చీటీ, ఆధార్, చనిపోయినవాళ్లయితే మరణ ధ్రువపత్రం, పోస్టుమార్టం కాగితం, వయసుకు బడి సర్టిఫికెట్, ఆ బట్వాడా పుస్తకం ఫొటోలు తీసుకెళ్లండి. అన్నీ రెండేసి నకళ్లు. కలిసి పని చేసిన ఇద్దరి పేర్లూ ఫోన్ నంబర్లూ ముందే రాసి పెట్టుకోండి, వాళ్లు మళ్లీ హైదరాబాదు పనికి వెళ్లిపోకముందే.