తిరిగి వచ్చే వైద్యం



మంచి సమరీయుని ఉపమానం (లూకా 10:25–37) మీకందరికీ తెలిసినదే. ఆ సమరీయుడు చేసిన పనులను ఒకసారి వరుసగా లెక్కపెట్టండి. గాయపడినవాని దగ్గరకు వెళ్ళాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించి సత్రానికి చేర్చాడు. సత్రం యజమాని చేతిలో రెండు దీనారములు పెట్టాడు. ఇంతవరకు మనం బాగానే గుర్తుంచుకుంటాము. చివరి పనిని మాత్రం మరచిపోతాము. ఇంకా ఖర్చయితే తాను తిరిగి వచ్చినపుడు చెల్లిస్తానని అతడు మాట ఇచ్చాడు. అంటే, మళ్ళీ వస్తానన్నాడు.

ఆసుపత్రులు పేదలకు చేసే సేవను ఈ వారం ఆ చివరి మాటతో తూచి చూద్దాము. అరకు లోయను, దాని చుట్టూ తూర్పు కనుమలలో ఉన్న గిరిజన గ్రామాలను ఉదాహరణగా తీసుకుందాము.

ఆసుపత్రి ధర్మకార్యం అంటే ఏమిటని అడిగితే మనలో చాలామంది ఉచిత మందులు, ఉచిత మంచం, లేదా ఏడాదికొకసారి పెట్టే వైద్య శిబిరం అని చెబుతారు. ఇవన్నీ మంచివే. కానీ కొండమీది మనిషికి జబ్బుతోపాటు దూరం కూడా శత్రువే. ఆ దూరం ఎన్ని రకాలుగా ఉంటుందో ముందు తెలుసుకోవాలి.

మూడు ఆలస్యాలు

కాన్పు సమయంలో తల్లులు ఎందుకు చనిపోతున్నారన్న ప్రశ్నకు 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక జవాబు చెప్పారు. వారు మూడు ఆలస్యాలను గుర్తించారు. ఆసుపత్రికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం మొదటిది. అక్కడికి చేరడంలో ఆలస్యం రెండవది. చేరిన తరువాత వైద్యం అందడంలో ఆలస్యం మూడవది.

మన కొండలలో ఈ మూడింటినీ చూడవచ్చు. ఇంట్లో కువి గాని, ఆదివాసీ ఒడియా గాని మాట్లాడే తల్లికి ఆసుపత్రిలో వినబడే తెలుగు సగమే అర్థమవుతుంది. కసురుకుంటారేమో, ఖర్చవుతుందేమో అన్న భయం ఆమెను ఇంటివద్దే ఆపుతుంది. ఇది మొదటి ఆలస్యం. వెళ్దామనుకున్నా రోడ్డులేని ఊరి నుండి ఆమెను డోలీలో మోసుకురావాలి. వానాకాలంలో గెడ్డ పొంగితే డోలీ కూడా ఆగిపోతుంది. ఇది రెండవది. కిందికి చేరాక అక్కడ రక్తం లేకపోతే విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి పంపుతారు. అరకు నుండి విశాఖకు ఘాట్ రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. ఇది మూడవది.

ఇప్పుడు చెప్పండి, ఆసుపత్రి తన గుమ్మంలో కూర్చొని ఎంత ఉచితంగా వైద్యం చేసినా మొదటి రెండు ఆలస్యాలు ఎలా తీరుతాయి? అవి తీరాలంటే ఆసుపత్రే గుమ్మం దాటి కొండ ఎక్కాలి.

మాట నిలుపుకున్నవారు

ఈ సంగతిని మన తెలుగునేల మీద ఆనాడే గ్రహించిన మఠకన్య ఒకరున్నారు. ఆస్ట్రేలియాలో 1887లో జన్మించిన మేరీ గ్లౌరీ మెల్బోర్న్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, 1920 ఫిబ్రవరిలో గుంటూరుకు వచ్చి జె.ఎం.జె. సభలో చేరారు. చిన్న మందులశాలగా ఉన్నది ఆమె చేతిమీదుగా సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా ఎదిగింది. అయితే ఆమె చేసిన దూరదృష్టి గల పని మరొకటి ఉంది. స్థానిక స్త్రీలకే మందులివ్వడంలో, కాన్పులు చేయడంలో, రోగులను చూసుకోవడంలో శిక్షణ ఇచ్చారు. డాక్టరు వచ్చి వెళ్ళిపోతుంది, ఊరి మంత్రసాని మాత్రం ఊళ్ళోనే ఉంటుంది. 1943లో ఆమె ప్రారంభించిన కథోలిక ఆసుపత్రుల సంఘం నేటికీ పనిచేస్తూనే ఉంది. ఆమె 1957 మే 5న ప్రభువునందు నిద్రించారు. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

అరకు కొండలకు ఆవల, ఒడిశాలోని రాయగడ జిల్లాలో బిస్సంకటక్ అనే ఊరుంది. అక్కడి క్రిస్టియన్ ఆసుపత్రిని 1954లో డెన్మార్క్ దేశపు డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ ప్రారంభించారు. ఇది మన సోదర క్రైస్తవ సంఘాల వారిది. ‘మిత్ర’ అనే వారి విభాగం ఆసుపత్రిని వదిలి కోందుల గ్రామాలకు వెళ్ళి మలేరియా మీద, తల్లీబిడ్డల ఆరోగ్యం మీద ఏళ్ళ తరబడి పనిచేస్తోంది. ఆ ఏళ్ళ తరబడి అన్న మాటను గమనించండి.

1978 సెప్టెంబరులో ఆల్మా ఆటా నగరంలో ప్రపంచ దేశాలు సమావేశమై ప్రాథమిక వైద్యం ప్రజల ముంగిటికి చేరాలని ప్రకటించాయి. మన దేశంలో 2005 తరువాత వచ్చిన ఆశా కార్యకర్తల ఏర్పాటు ఆ దారిలోదే. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. 2024లో పాడేరు ప్రభుత్వ వైద్య కళాశాలలో తొలి విద్యార్థులు చేరారు. ప్రభుత్వం చేయవలసినది ప్రభుత్వమే చేయాలి, దానిని మనం అడగాలి కూడా. కానీ అంతా ప్రభుత్వానిదే అని చేతులు దులుపుకుంటే, ఉపమానంలో పక్కనుండి తప్పుకొని పోయిన యాజకునికీ మనకూ తేడా ఏముంది?

పదహారవ రోజు

శిబిరం పెట్టి రక్తపోటు ఉన్న ముసలితల్లికి పదిహేను రోజుల మాత్రలిచ్చామనుకోండి. పదహారవ రోజున ఆమె ఏమి చేయాలి? క్షయ రోగికి కనీసం ఆరు నెలల మందులు కావాలి. మూర్ఛ రోగికి ఏళ్ళ తరబడి కావాలి. ఒక్కనాటి శిబిరం వీరికి జబ్బు పేరు చెప్పగలదు గాని, జబ్బును నయం చేయలేదు.

సికిల్ సెల్ రక్తహీనత సంగతి చూడండి. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతాలలో తరతరాలుగా నిలిచిన వంశపారంపర్య వ్యాధి ఇది. ఈ లోపం ఒక్క తల్లి నుండో తండ్రి నుండో వచ్చినవారికి మలేరియా నుండి కొంత రక్షణ ఉంటుంది, మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ భార్యాభర్తలిద్దరూ అలాంటివారే అయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ బిడ్డకు ఒళ్ళంతా భరించరాని నొప్పులు, మాటిమాటికీ జ్వరాలు, రక్తం ఎక్కించవలసిన అవసరం కలుగుతాయి. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం 40 ఏళ్ళలోపు 7 కోట్లమందికి ఈ పరీక్ష చేయాలని లక్ష్యం పెట్టుకొంది. పరీక్ష చేసినవారు ఫలితం పట్టుకొని మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళకపోతే, వారి భాషలో దాన్ని విడమరచి చెప్పకపోతే, తీసిన ఆ రక్తపు చుక్క వృథాయే.

ఎదుటివాని బాధ మన హృదయాన్ని తాకి, చేతనైన సాయానికి మనలను కదిలించేదే దయ అని పునీత తోమాస్ అక్వినాస్ బోధించారు. దయకు జాలి ఒక్కటే చాలదు, పని కూడా కావాలి. కొన్ని పనులు ఒక్క రోజుతో ముగియవు.

మన కుటుంబాలు ఏమి చేయగలవు?

మొదటిది, రక్తదానం. 18 నుండి 65 ఏళ్ళలోపు ఆరోగ్యవంతులైన పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. విచారణలో ఒక జాబితా తయారుచేసి దగ్గరలోని రక్తనిధికి ఇవ్వండి.

రెండవది, క్షయ రోగికి తోడు. 2022 సెప్టెంబరులో మొదలైన ‘నిక్షయ్ మిత్ర’ పథకం కింద ఒక కుటుంబం గాని, యువజన సంఘం గాని ఒక రోగికి కనీసం ఆరు నెలలు పోషకాహారం అందించవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగితే వివరాలు చెబుతారు.

మూడవది, మీ విచారణ తరఫున శిబిరం పెట్టాలనుకుంటే, రెండవసారి వచ్చే తేదీని నిర్ణయించిన తరువాతనే మొదటి తేదీని ప్రకటించండి. ఆ ఊరి ఆశా కార్యకర్తను, వారి భాష తెలిసిన ఒకరిని ముందే కలవండి. రోగుల చేతికి మందు పొట్లమిస్తూ ఫోటోలు తీయకండి. వైద్యాన్ని మతం మార్చుకొమ్మని అడిగే ఎరగా ఎన్నడూ వాడకండి. సమరీయుడు గాయపడినవానిని నీ మతమేమిటని అడగలేదు.

నాలుగవది, పెండ్లికి సిద్ధమయ్యే యువతీయువకులు, ముఖ్యంగా ఏజెన్సీ విచారణలలోనివారు, సికిల్ సెల్ పరీక్ష చేయించుకోవాలి. ఇది ఎవరినీ తక్కువ చేయడానికి కాదు, పుట్టబోయే బిడ్డ మేలు కోసం.

ఇంట్లో చర్చించుకొనుటకు

1. మన ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నపుడు, రెండవసారి చూడవచ్చినవారు ఎందరు? ఆ రాక మనకెలా అనిపించింది?

2. మన విచారణలో ఆరు నెలలు మనం తోడుగా ఉండగల రోగి ఎవరు?

3. మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన మంచిపని ఏదైనా ఉన్నదా? దానిని మళ్ళీ ఎప్పుడు చేపడదాము?

ఆ సమరీయుడు మళ్ళీ వచ్చాడో లేదో సువార్తికుడు వ్రాయలేదు. ప్రభువు మాత్రం ఆ ధర్మశాస్త్ర బోధకుని వెళ్ళి అలాగే చేయుమని పంపాడు. ఆ ఆజ్ఞ మనకు కూడా.