మీ మందలో నట్టలు ఉన్నాయా? గొర్రెల పెంపకందారులకు పాఠం

గొర్రెల యూనిట్ అందుకున్న లబ్ధిదారులారా!

20 గొర్రెలు, 1 పొట్టేలు మీ దొడ్డికి చేరాయి. మీరు కట్టిన వాటా సొమ్ము, ప్రభుత్వ రాయితీ రెండూ ఆ జీవాల ప్రాణంలోనే ఉన్నాయి. పెద్ద రోగం వస్తే అందరికీ తెలుస్తుంది. నట్టలు మాత్రం చప్పుడు లేకుండా మందను తినేస్తాయి.

నట్టలు ఎన్ని జీవాలకు ఉంటాయి?

బయట మేసే గొర్రెల్లో దాదాపు ప్రతిదానికీ ఎన్నోకొన్ని నట్టలు ఉంటాయి. "మా మందలో లేవు" అనుకోవద్దు. అయితే అన్నింటికీ సమానంగా ఉండవు. ఎక్కువ నట్టలు కొన్ని జీవాల్లోనే ఉంటాయి. పిల్లలు, ఈనిన తల్లులు, బక్కచిక్కినవి ముందు దెబ్బతింటాయి.

లెక్క చూడండి

గొర్రె నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగే సన్నని నట్ట ఒకటుంది. ఒక్కో ఆడ నట్ట రోజుకు 5 వేలకు పైగా గుడ్లు పెడుతుంది. ఒక జీవంలో ఇలాంటివి 100 ఉంటే రోజుకు 5 లక్షల గుడ్లు పెంటికలతో బయట పడతాయి. 21 జీవాలకు లెక్కేస్తే కోటి దాటుతుంది! వానకాలంలో వారం రోజుల్లోనే వీటి పిల్లలు గడ్డి కొసలకు ఎక్కుతాయి. ఆ గడ్డి మేసిన జీవంలో మూడు వారాలకు మళ్లీ గుడ్లు మొదలు. వెయ్యి నట్టలుంటే రోజుకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం పోతుంది.

ఎలా గుర్తుపట్టాలి?

• కింది కనురెప్పను మెల్లగా లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉంటే మంచిదే. పాలిపోయి తెల్లగా ఉంటే ఆలస్యం చేయొద్దు. వానకాలంలో రెండు వారాలకోసారి ఇలా చూడండి.
• దవడ కింద నీరు దిగి మెత్తగా వాపు కనిపిస్తుంది. రక్తం తాగే నట్టలున్నా, కార్జపు జలగలున్నా ఇలా రావచ్చు.
• జీవం మంద వెనక పడుతుంది, బొచ్చు రాలుతుంది, బరువు పెరగదు.

"పారుకోవట్లేదు కదా, నట్టలు లేవు" అనుకోవడం పొరపాటు. రక్తం తాగే నట్టలున్నా చాలాసార్లు పెంటికలు గట్టిగానే పడతాయి.

మిగతా పురుగులు

కార్జపు జలగలు: చెరువు అంచుల్లో, మడుగుల్లో ఉండే నత్తల ద్వారా వస్తాయి. అక్కడ మేపొద్దు. తొట్టిలో నీళ్లు తాపండి.

బద్దె పురుగులు: పిల్లల్లో ఎక్కువ. పెంటికల్లో తెల్లటి బియ్యం గింజల్లాంటి ముక్కలు కనిపిస్తాయి.

గిర్రున తిరిగే రోగం: కుక్కల పేగుల్లోని బద్దె పురుగు గుడ్లు మేతలో కలిసి, గొర్రె మెదడులో నీటి బుడగలా పెరుగుతాయి. చచ్చిన గొర్రె తలను కుక్కలకు వేయొద్దు. మంద కుక్కకూ నట్టల మందు వేయించండి.

మందు తాపేటప్పుడు

1. వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి తప్పకుండా తాపించండి. మిగతా విడతలు పశువైద్యుడు చెప్పినట్టు.
2. మోతాదు బరువును బట్టే. మందు మిగులుతుందని తగ్గించి పోస్తే బలమైన నట్టలు బతికి, తర్వాత ఆ మందు పనిచేయదు.
3. ఏటా ఒకే మందు వాడొద్దు. ఏది మార్చాలో పెంటికల పరీక్ష చేయించి అడగండి. తాజా పెంటికలు చిన్న కవర్లో పశువైద్యశాలకు తీసుకెళ్లండి.
4. తల మరీ పైకి ఎత్తి పోయొద్దు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
5. సూడి మొదటి నెలలో ఆల్బెండజోల్ తాపొద్దు. సూడి గొర్రెలుంటే ముందే డాక్టరుకు చెప్పండి.
6. కొత్తగా కొన్న జీవాలను మూడు వారాలు వేరుగా కట్టి, మందు తాపాకే మందలో కలపండి.

మేపు విషయం

పొద్దున్నే మంచు ఆరకముందు తోలొద్దు. పచ్చిక మరీ పొట్టిగా అయ్యేదాకా ఒకేచోట మేపొద్దు. దొడ్డిలో పెంటికలు ఊడ్చి కుప్ప వేయండి.

జీవం చనిపోతే చెవిపోగు తీయకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. పోస్టుమార్టం బీమాకూ కావాలి, మిగతా మందను కాపాడటానికీ కావాలి. తర్వాత లోతుగా పాతిపెట్టండి.

ఈరోజు సాయంత్రం మంద దొడ్డికి రాగానే ఐదు జీవాల కనురెప్పలు చూడండి. ఒక్కటి తెల్లగా ఉన్నా రేపే పశువైద్యశాలకు వెళ్లండి.