విండోస్ 10 ఆగింది, మా అను ఫాంట్ల గతేమిటి?

ప్రశ్న: మాది తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్. 2016లో కొన్న విండోస్ 10 కంప్యూటర్‌లో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు చేస్తాం. మా అబ్బాయి లినక్స్ వేద్దామంటాడు, బావమరిది మ్యాక్ కొనమంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: మీకు రెండూ వద్దు. అవి మంచివి కాక కాదు, మీ పని వాటి మీద సాగదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఇప్పటి మ్యాక్‌లో అది నడవదు, లినక్స్‌లో నేరుగా ఎక్కదు.

విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. మీ మెషీన్ అంతకంటే పాతది. అడ్డదారిలో ఎక్కించేవాళ్లుంటారు, ఒప్పుకోకండి. అప్‌డేట్లు వస్తాయన్న హామీ ఉండదు.

పాత కంప్యూటర్‌కి నెట్ తీసేసి డీటీపీకే ఉంచండి. బ్యాంకు, మెయిల్ పనులు దాంట్లో వద్దు. పెన్‌డ్రైవ్‌లు మాత్రం స్కాన్ చేయకుండా పెట్టనివ్వకండి.

అసలు చిక్కు అను ఫాంట్లతోనే. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. అందుకే ఆ మేటర్‌ని వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలొస్తాయి. యూనికోడ్‌కి ఆ బాధ లేదు, ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకుంటుంది. కొత్త ఆర్డర్లు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. అప్పుడు మీ అబ్బాయి చెప్పిన లినక్స్ కూడా పనికొస్తుంది.

వీటన్నిటికంటే ముందు, పాత ఫైళ్లన్నీ ఈ వారంలోనే మరో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి.